జారిన పీట

గాజువాక,
8-7-1982

బావగారికి,

తొలికాన్పుకు ఏడో నెలలోనే పుట్టింటికి రావలసిన అక్కకు తొమ్మిదో నెల వచ్చేసింది. పంపమని నేను రాయడం ఇది మూడోసారి. వాదించే ఓపిక ఇక లేదు.

మొన్న నేను ఎలమంచిలిలో మీ ఇంటికి వచ్చినప్పుడు మీరన్న మాట చెవుల్లోనే ఉంది. "సముద్రం కింద నేల సీలిపోయి ఉందని నువ్వే సెప్పినావు కదరా. కడుపుతో ఉన్నదాన్ని ఆ ఒడ్డుకి పంపమంటావేటి?"

తప్పు నాదే. ఆదిశేషుడు పడగ మార్చుకుంటే భూమి అదురుతుందని మీ అమ్మగారు అనగానే కోపం ఆగలేదు. భోజనాల దగ్గర రెండు పీటలు తీసి, ఒకదాని అంచు రెండోదాని కిందికి తోశాను. సముద్రం అడుగున రాతి పలకలు ఇలాగే ఒరుసుకుని ఏళ్లతరబడి బిగుసుకుంటాయని, బిగువు తట్టుకోలేనప్పుడు ఒక్కసారి జారితే అదే భూకంపమని అరిచాను. పీట జారింది. మజ్జిగ గ్లాసు మీ పంచె మీద పడింది. అందరూ నవ్వారు, మీరు మాత్రం భయపడ్డారు.

అలాంటి పెద్ద చీలిక ఎక్కడో అండమాన్ల దగ్గర ఉందని చెప్పకుండానే విసురుగా లేచి వచ్చేశాను. ఇప్పుడు చెబుతున్నాను. మన వైపు ఎన్నడూ అదరదని మాత్రం రాయలేను, అది అబద్ధం.

ఇంతవరకూ అమ్మకు చదివి వినిపించాను. "భూమి కదిలిన్నాడు సూద్దుం. నొప్పులొచ్చిన్నాడు అది నా సెయ్యే ఎతుక్కుంటాది. అది రాయరా ముందు" అంది.

రాశాను. ఆదివారం ప్యాసింజరులో వస్తాను. ఆ పీట మీదే కూర్చుని, పెట్టింది తిని, అక్కను తీసుకెళతాను. మీ అమ్మగారు ఆదిశేషుడి మాటెత్తినా నోరు విప్పను.

మీ బావమరిది