ఎలుగుబంటి ఇల్లు చేరిందా?

అక్కా,

చదవగానే జవాబు రాయి, నా కొంప మునిగేలా ఉంది.

మా బడి టీచర్లమంతా పిల్లలకు కథలు చదవడం నేర్చుకోవడానికి శనివారాలు కలుస్తున్నాం. ఒకరు కథ చదివితే, మిగతావాళ్లు ఒకటో తరగతి పిల్లల్లా చాప మీద కూర్చుని విని, ఎలా చదివారో చెబుతారు. మొన్న నా వంతు. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాను. "భయమెందుకమ్మా, మేమే కదా" అంటూ లెక్కల మాస్టారు బాసింపట్టు వేసుకున్నారు.

నువ్విచ్చిన పుస్తకంలోంచి దారి తప్పిన ఎలుగుబంటి కథ చదివాను. హెడ్మిస్ట్రెస్ గారు నోరు తెరుచుకుని విన్నారు. డ్రిల్లు మాస్టారు కళ్లు తుడుచుకున్నారు. తీరా చూస్తే చివరి పేజీ లేదు! మీ చంటిది నమిలేసిందా?

"మిగతాది వచ్చే శనివారం" అని బొంకాను. ఆహా, పిల్లల్ని ఊరించడమంటే ఇదీ అని మెచ్చుకుని, బడి మొత్తానికి కథలు చదివి వినిపించే పని నాకే అప్పగించారు.

ఎలుగుబంటి ఇల్లు చేరిందా? చేరకపోయినా చేరిందనే రాయి. డ్రిల్లు మాస్టారు తట్టుకోలేరు.

నీ చెల్లి