మా అమ్మాయి మొహం కనిపించాలి

త్లకొలూలా, సంత ముగిశాక

క్లెమెన్సియా టీచరమ్మగారికి,
ఒబ్దూలియా వ్రాయునది. మా ఎతెల్వినాను మీ గ్రీకు నాటకం కోరస్‌లో నిలబెట్టారంటే మురిసిపోయాను. తీరా చూస్తే అందరికీ మాస్కులట! మా వీధి వీధంతా బస్సు మాట్లాడుకుని వస్తుంటే పిల్ల మొహం దాచేస్తారా? దాని ఒక్కదానికైనా మాస్కు తీయించండి.
ఉంటాను.

తా.క. బస్సు డ్రైవరు చేత తమాలెలు పంపాను, మొక్కజొన్న పిండిని అరటాకుల్లో చుట్టి నేనే ఉడికించాను. లంచం కాదు.

---

ఒహాకా, హాస్టలు బడి

ఒబ్దూలియాకు ఆశీస్సులు.
గ్రీకులు మాస్కులు కట్టుకునే ఆడారు. ఏ తల్లీ ఉత్తరం రాసినట్టు దాఖలా లేదు. మొహం కప్పితేనే పిల్లలకు ఒళ్లంతా నటించడం వస్తుంది. మామూలుగా నీ కూతురికి గొంతు పెగలదు. మాస్కు తొడిగిన రోజు గోడలు అదిరాయి.
శుభం.

తా.క. లంచం కాదని తిన్నాక తెలిసింది. లంచమైతే ఉప్పు వేసేదానివి.

---

టీచరమ్మగారికి,
గోడలు అదరడమేమిటి? పిల్లిలా తిరిగే పిల్లకు కేకలు నేర్పుతున్నారా? మాస్కు తీయించకపోతే శనివారం వచ్చి మానిపించి తీసుకుపోతాను.
ఇట్లు, కన్నతల్లి.

తా.క. పోనీ, మాస్కు మీద పేరైనా రాయించండి. పెద్దక్షరాలతో.

---

ఒబ్దూలియాకు,
నాటకం చూశాక తీసుకుపో. అప్పటికీ నచ్చకపోతే బట్టలు నేనే సర్దిస్తాను. మానిపించొద్దని నీతో చెప్పమని ఏడ్చింది. ఇంకో సంగతి చెప్పొద్దంది, చెప్పను.
నీ మేలు కోరే ముసలిది.

తా.క. పేరు రాయించను. ఇది నాటకం, కోళ్ల బుట్ట కాదు.

---

టీచరమ్మగారికి వేల దండాలు.
ఎడమ చివర ఎర్ర శాలువాలో మా బంగారాన్ని అందరం గుర్తుపట్టేశాం! పేరు పెట్టి పిలిచినా ఇటు చూడలేదు, ఎంత క్రమశిక్షణ! ఇక మానిపించను. కానీ ఆ రాజు వేషం కుర్రాడున్నాడే, ఏం పొగరండీ! వేలు ఝుళిపిస్తూ, ఎవరినీ మాట పూర్తి చెయ్యనివ్వకుండా! ఏ మహాతల్లి పెంచిందో! ఉండబట్టలేక లేచి నాలుగు తిట్టాను కూడా.
మీ ఒబ్దూలియా.

తా.క. వాడితో మా పిల్లను కలవనివ్వకండి.

---

ఒబ్దూలియాకు ఆశీస్సులు.
ఎర్ర శాలువాలో ఉన్నది నోటరీగారబ్బాయి. నీ పిలుపులకు హడలి అడుగు తప్పాడు. రాజు వేషం నీ కూతురిది. ముందు వేసిన కుర్రాడి గొంతు బొంగురుపోతే దీనికిచ్చాను. ఆడపిల్లకు రాజు వేషమా అని నువ్వు బస్సెక్కుతావని నా నోరు కుట్టేసింది. "అలా వేలు ఝుళిపించడం ఎక్కడ నేర్చావే?" అంటే, "సంతలో మా అమ్మ బేరమాడుతుంటే మీరు చూడలేదు టీచరమ్మా" అంది. నువ్వు తిట్టినప్పుడు ఒక్క మాటా తడబడలేదు. ఇంట్లో అలవాటేనట.
శుభం.

తా.క. వచ్చేసారి దానికి మొగుణ్ణి గడగడలాడించే మహారాణి వేషం. అందుకే సెలవులకు ఇంటికి పంపుతున్నాను. నువ్వు ప్రత్యేకంగా ఏమీ చెయ్యక్కర్లేదు, మామూలుగా ఉండు చాలు.