అత్తమ్మ నిలబడి కొట్టిన రొట్టె

వనపర్తి, శనివారం రాత్రి

ఇవాళ అత్తమ్మ రొట్టె కొట్టింది! మోకాలి చిప్ప మార్పించినప్పటి నుంచి "కింద కూసోని రొట్టె కొట్టనియ్యరు, ఇంక నా చేతులెందుకు?" అని ఒకటే ఏడుపు. ఆపరేషన్‌కు ఒప్పించింది నేనే కాబట్టి ఆ మాట నాకే గుచ్చుకునేది.

పొద్దున నొప్పి మాత్ర వేసుకుని, వాకర్‌తో వంటింట్లోకి వచ్చి, గ్యాస్ గట్టు మీదే జొన్నపిండి పిసికింది. టపటపా చప్పుడు విని పరుగెత్తాను.

"ఏంది పిల్లా, గట్ల జూస్తవ్? పెనం పెట్టు."

ఎంత గుండ్రంగా వచ్చిందో! సాయంత్రానికి మోకాలు కాస్త వాచింది. నేను ఆపాల్సిందేమో... ఐసు పెడుతూ "రేపు కొట్టొద్దు అత్తమ్మా" అన్నాను.

"నొప్పి నాకు, పరేషాన్ నీకా? రేపు రెండు కొడ్త."

ఎంతసేపు నిలబడొచ్చో రేపు డాక్టర్‌కు ఫోన్ చేసి అడగాలి. జొన్నలు పిండి పట్టించడానికి గిర్నీకి పంపాలి.