కుడి సీటులో హ్యూ

అక్టోబర్ 11, 2004. సోమవారం

ఉంగరం తీసి టిఫిన్ డబ్బాలో పడేశాను, రోజులాగే. కరెంటు పనిలో వేలికి లోహం ఉండకూడదని చేరిన మొదటి రోజే, నాకు పని నేర్పిన హ్యూ చెప్పాడు. ఇవాళ ఆ డబ్బాలోనే పులిహోర... తింటుంటే పంటికి తగిలింది. హ్యూ నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకున్నాడు. "పెళ్లిని నమిలేస్తున్నావని మీ ఆయనకు చెప్పనా?"

వచ్చే వసంతానికి హ్యూ రిటైర్మెంట్. ఆ తర్వాత ఈ విమానాల హ్యాంగర్‌లో నన్ను "బాఖ్" అని పిలిచేదెవరు? వాళ్ల వెల్ష్ భాషలో 'చిన్నదానా' అని. ఒక పిల్ల తల్లిని, నేను చిన్నదాన్నట. అయినా బాగుంటుంది.

అక్టోబర్ 13

వాన. మా ఆయన డేవిడ్‌కు హాస్పిటల్‌లో మళ్లీ డ్యూటీల రోటా మార్చారు. మొహం మాడ్చుకుని వెళ్లాడు. రాయబుద్ధి కావట్లేదు.

అక్టోబర్ 17. ఆదివారం

చర్చి అయ్యాక హ్యూ భోజనానికి వచ్చాడు. భార్య పోయినప్పటి నుంచి ఆదివారాలు మా ఇంట్లోనే. టోస్ట్ మీద ఆవకాయను జామ్‌లా పూసుకుంటాడు. చూస్తుంటే నా నోరు మండుతుంది, ఆయనకు మండదు.

మా అమ్మాయి రూత్ ఆయన కుడిపక్కన చేరి స్కూలు కబుర్లన్నీ చెప్తోంది. ఆయన నవ్వుతూ తలూపుతున్నాడు, అంతే. కాసేపటికి అది మూతి ముడుచుకుని నా దగ్గరికొచ్చింది. "మమ్, హ్యూ అంకుల్ ఈజంట్ లిజనింగ్." వింటున్నాడులే, ఇంకోపక్క కూర్చో అన్నాను. ఎడమపక్కకు మారింది. ఇక ప్రతి మాటకూ జవాబే.

ఆయన వెళ్లాక గిన్నెలు తుడుస్తూ డేవిడ్ —

"ఆయనకా కుడి చెవి ఇనపడట్లేదే. చూళ్లేదా నువ్వు?"

చూశాను. హ్యాంగర్ గోలలో ఎవరికైనా అంతేలే అనుకుంటూ వచ్చాను.

"నువ్వు చెప్పకపోతే ఇంకెవురు చెప్తారు?"

నర్సు కదా, ఎంత సులువుగా అనేస్తాడో. చెప్తే విమానం మీద చెయ్యి వెయ్యనివ్వరు. స్టోర్స్‌లో కూర్చోబెడతారు, రిటైరయ్యేదాకా బోల్టులు సర్దుకుంటూ. నాకు పని నేర్పిన మనిషిని నా నోటితోనే బయటికి పంపడమా... చెప్పకపోతే? ఆయన విని బాగుందన్న రేడియోతోనే కదా విమానం ఎగిరేది.

అక్టోబర్ 19

రెండో రేడియోలో గరగర అని పైలట్ ఫిర్యాదు. రేపు హ్యూకీ నాకూ ఆ పనే.

అక్టోబర్ 20

పాత రేడియో బాక్స్ తీశాం. ముందు విమానం ఒళ్లు చేత్తో ముట్టుకోవాలి, మన ఒంట్లో చేరిన స్టాటిక్ కరెంటు దిగిపోవాలి. అప్పుడు మణికట్టుకు ఎర్త్ పట్టీ, అప్పుడు బాక్స్. హ్యూ ఆ ముట్టుకోవడం కూడా గుర్రాన్ని నిమిరినట్టు చేస్తాడు.

కొత్తది అరలోకి జారింది. వెనక పిన్నులు కూర్చున్న చప్పుడు... నాకు చాలా ఇష్టమైన చప్పుడు. హ్యూ వేలు పెట్టి తడిమి చూస్తున్నాడు, కూర్చుందో లేదో. ఇదివరకు విని చెప్పేసేవాడు.

తర్వాత టెస్ట్. నేను ఎడమ సీటులో, ఒకటో రేడియో. ఆయన కుడి సీటులో, రెండోది. ఎప్పుడూ అంతే. హెడ్‌సెట్ కుడి చెవికే పెట్టుకుంటాడు, ఎడమది నా మాటల కోసం. పోల్చి చూడాలని రెండు వాల్యూమ్ నాబ్‌లూ ఒకే గుర్తు దగ్గర పెట్టాం. కంట్రోల్ టవర్‌ను పిలిచాం. నాది బాగుంది.

"రెండోది వీక్," అన్నాడు.

కొత్త బాక్స్. వీక్ ఎందుకవుతుంది? షిఫ్ట్ అయిపోయింది.

అక్టోబర్ 21

ఆయన నేర్పిన పద్ధతే — అనుమానం వస్తే ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చు. ఒక్కసారికి ఒక్కటే. తప్పు వస్తువు వెంట వెళ్తే వస్తువుది. వెళ్లకపోతే ఆ చోటుది.

బాక్సులు మార్చాం. నా వైపు బాగుంది, ఆయన వైపు వీక్. అంటే బాక్సులు మంచివే.

హెడ్‌సెట్లు మార్చుకున్నాం. నా వైపు బాగుంది, ఆయన వైపు వీక్.

ఇంకేం మిగిలిందో నాకు తెలుసు. ఆయన మాత్రం వైరింగే అయ్యుంటుంది, ప్యానెల్ విప్పుదాం అంటున్నాడు. స్క్రూడ్రైవర్ తీశాడు. ఆగాడు.

"ఒకటి మార్చలేదు కదా, బాఖ్. మనల్ని."

సీట్లు మారాం. కుడి సీటు ఇంకా వెచ్చగా ఉంది. టవర్‌లో అమ్మాయి గొంతు పక్కింట్లోంచి పిలిచినట్టు. వెనక ఎవరో కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడు కూడా. అవతల ఎడమ సీటులో హ్యూ హెడ్‌సెట్‌ను కుడి చెవికి అదుముకుంటున్నాడు. వాల్యూమ్ చివరిదాకా తిప్పాడు.

"నీకెలా ఉంది?"

వీక్ అంటే చాలు. ప్యానెల్ విప్పుతాం, వెతుకుతాం, ఏమీ దొరకక మూసేస్తాం. వసంతం దాకా ఇలాగే ఏదో ఒకటి చెప్పుకుంటూ గడిపేయొచ్చు. ఈలోగా ఏ రోజైనా నిజంగా గొంతు పడిపోయిన రేడియోను ఆ చెవి పసిగట్టకపోతే... మేఘాల్లో ఉన్న పైలట్‌కు ఎవరు చెప్తారు?

"బాగా వినపడుతోంది, హ్యూ."

హెడ్‌సెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. దాని తీగను మెల్లగా చుట్టలు చుట్టాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను.

"సరిగ్గా చెప్పావు," అన్నాడు. నా భుజం తట్టి దిగిపోయాడు.

అక్టోబర్ 22

హ్యూ రాలేదు. ఒంట్లో బాలేదని ఫోన్ చేశాడట.

నువ్వు మంచి పనే చేశావంటాడు డేవిడ్. ఊరుకోమన్నాను. ఊరుకున్నాడు, టీ పెట్టిచ్చాడు. అందుకే ఈ మనిషంటే ఇష్టం.

అక్టోబర్ 24. ఆదివారం

రాడనుకున్నాను. అయినా కోడికూర ఎప్పుడూ వండేదానికన్నా ఎక్కువే వండాను.

వచ్చాడు. రూత్‌ను తనే ఎడమపక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఈ చెవే పనిచేస్తోంది." అది "ఓకే" అని, అదసలు విషయమే కానట్టు కబుర్లు మొదలుపెట్టింది. నేను వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

ముందు జీపీ డాక్టరుకి చూపించుకోమన్నాడు డేవిడ్. గులిమి పేరుకున్నా అలా ఉంటుందట, కడిగితే పోతుందట. అలాగే అయితే బాగుండు దేవుడా.

"చూపిస్తాను," అన్నాడు హ్యూ. "కానీ ముందు రేపు పైన చెప్పేస్తాను. నువ్వు చెప్పక్కర్లేదు, బాఖ్." ఆవకాయ ఇంకాస్త అడిగాడు.

అక్టోబర్ 25. సోమవారం

టీ రూమ్‌లో కూర్చుని రాస్తున్నాను.

పొద్దున్నే హ్యూ మెట్లెక్కాడు. తోడొస్తానంటే వద్దన్నాడు. సూపర్‌వైజర్‌ది అద్దాల గది, కింద నుంచి కనపడుతుంది, వినపడదు. సూపర్‌వైజర్ కుర్చీ చూపించాడు. హ్యూ వెంటనే కూర్చోలేదు. కుర్చీని పక్కకు తిప్పుకుని, ఎడమ చెవిని ఆయన వైపు పెట్టి, అప్పుడు కూర్చున్నాడు.

ఆ తర్వాత నేను చూడలేకపోయాను.

టీకి అందరూ వచ్చి వెళ్లారు. రెండు కప్పులు పోశాను. ఆయన కప్పు మీద సాసర్ మూతపెట్టాను.

ఇంకా దిగలేదు.