నల్ల పొట్టేలు పబ్బు కిటికీల గురించి, చివరిసారిగా

జిల్లా పురాతన కట్టడాల పరిరక్షణాధికారి శ్రీయుత పెరెగ్రిన్ లైల్ గారి సముఖమునకు, యార్క్‌షైర్, థార్న్‌బెక్ గ్రామంలోని 'నల్ల పొట్టేలు' పబ్బు లైసెన్సుదారు హిల్డా రాస్ట్రిక్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: సదరు పబ్బు పాత కిటికీలు తీసివేసి, అదే కొలతకు, అదే ఆకారంలో, రెండు పొరల అద్దంతో కొత్త చెక్క కిటికీలు పెట్టుకొనుటకు అనుమతి కోరి, కాదనిపించుకొని, మళ్లీ కోరి, మళ్లీ కాదనిపించుకొన్న వైనం.

1. కిటికీల చట్రాలు కుళ్లిపోయినవని మొదటి దరఖాస్తులోనే మనవి చేసియున్నాను. అవి గ్రామ స్వరూపానికి కన్నులవంటివనియు, మరమ్మతు చేయించుకొనవలసినదనియు తమరు సెలవిచ్చినారు. తమ ఆజ్ఞ ప్రకారం వడ్రంగి బార్నబీని పిలిపించినాను. అతడు స్క్రూడ్రైవరుతో చట్రాన్ని మెల్లగా పొడవగా అది పిడి దాకా దిగిపోయినది. "అక్కా, మరమ్మతు చెయ్యాలంటే ముందు చెక్కంటూ ఉండాలి కదా. ఇక్కడ నిలబడింది రంగొక్కటే," అన్నాడు. ఆ మాట తమరికి వ్రాసినాను. జవాబుగా చెక్కను ఎట్లు ప్రేమించవలెనో తెలిపే రంగుల పుస్తకం ఒకటి పంపినారు. చలిమంటకు పనికివచ్చినది.

2. ఫిబ్రవరిలో తమరు స్వయంగా దయచేసినారు. మొదట కిటికీ పక్కన కూర్చొని, కొంతసేపటికి లేచి, పొయ్యి దగ్గర ముసలి గొర్రెలకాపరి సెత్ కూర్చునే కుర్చీలోకి మారినారు. సెత్ నిలబడే తాగినాడు. చేతి తొడుగులు తీయకుండానే సూప్ తాగుతూ తమరు నాతో అన్న మాట నాకు గుర్తున్నది.

"ఆ పాత అద్దంలోంచి చూస్తుంటే కొండ అలా అలా కదులుతున్నట్టుంది. గమనించారా అమ్మా?"

"కొండ కాదు బాబూ, వణికేది నువ్వే," అన్నాడు సెత్.

తమరు నవ్వి వెళ్లిపోయి, లోపలి వాతావరణం ఆహ్లాదకరంగా ఉన్నదని నివేదిక వ్రాసినారు.

రెండవ దరఖాస్తు ఇచ్చుటకు నేను తమ కచేరీకి వచ్చినాను. అక్కడ అన్నీ ప్లాస్టిక్ కిటికీలే. గాలి దూరే సందు లేదు. గుమాస్తా అమ్మాయి పొట్టి చేతుల చొక్కాతో కూర్చున్నది. ఇదేమిటని అడిగితే, "మాది పాత బిల్డింగ్ కాదండీ, దీనికి కాపాడాల్సిన స్వభావం ఏమీ లేదు," అన్నది. ఆ సంగతి తమ ఉత్తరాలు చదివినప్పుడే నాకు అర్థమైనదని చెప్పి వచ్చినాను.

3. నా భర్త క్లైవ్‌కు ఊపిరితిత్తుల జబ్బు. మేము పడుకొనే గది పబ్బు మీదనే ఉన్నది. అక్కడివీ తమరు కాపాడుతున్న కిటికీలే. దుప్పట్లు మేకులతో కొట్టినాము, సందుల్లో కాగితాలు కూరినాము. గోడల చెమ్మ గోడలకే ఉన్నది, దగ్గు దగ్గే. ఆ గదిలో ఇంకొక చలికాలం ఉండరాదని డాక్టరు చెప్పిన మీదట క్రిస్మస్‌కు ముందు అతడిని స్కార్‌బరోలో వాళ్ల చెల్లెలు గ్వెండా ఇంటికి పంపినాను. అది అగ్గిపెట్టెలాంటి ఫ్లాటు. దాన్ని కాపాడాలని తమవంటివారికి ఏనాడూ తోచదు. కనుక వెచ్చగా ఉన్నది.

"ఇక్కడ ఉత్త చొక్కాతో కూర్చుంటున్నానే హిల్డా," అన్నాడు ఫోనులో. అని, అనకూడని మాట అన్నట్టు ఆగిపోయినాడు.

"కూర్చో. నీకేం, మహారాజువి," అన్నాను.

ఫోను పెట్టేసి కిందికి వెళ్లి బీరు పీపాలు ఒక్కదాన్నే దొర్లించుకొన్నాను. పెళ్లయిన నాటి నుండి ఆ మనిషి దగ్గు లేకుండా నేను నిద్రపోయి ఎరుగను. ఈ పేరా అర్జీకి సంబంధించినది కాదని తమరు అనవచ్చును. సంబంధించినది ఇదొక్కటే.

4. మార్చి గాలివానకు మా పడకగది కిటికీ చట్రంతో సహా ఊడి మంచం మీద పడినది. క్లైవ్ పడుకొనే వైపు. దిండు నిండా అద్దపు పెంకులు. నేను ఆ పెంకులు ఏరి, ఆ కన్నానికి ఒక చెక్కపలక కొట్టించినాను. వారం తిరగకుండా తమ ఉత్తరం వచ్చినది: అనుమతి లేకుండా పలక కొట్టుట వలన కట్టడపు రూపం చెడినది, వెంటనే తీసివేయవలెను. సెత్ ఆ ఉత్తరం పబ్బులో పైకి చదివినాడు. తమ ఉత్తరాలకు మావాళ్లు ఎప్పుడూ నవ్వుతారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

5. మొన్న క్లైవ్ ఫోను చేసినాడు.

"వచ్చేస్తున్నానే. చలైతే చలి. ఇక్కడ వెచ్చగానే ఉంటుంది గానీ, రోజంతా టీవీ మోత. తిట్టే మనిషి లేదు."

"వస్తే చస్తావురా."

"అక్కడే చస్తాలే," అన్నాడు.

కావున, చదువుకొన్న తమరికి కళ్లు కూడా ఉండునను నమ్మకం ఇంకా కొంత మిగిలియున్నది గనుక, సదరు కిటికీలకు అనుమతి దయచేయవలెనని, లేదా తమరే వచ్చి ఆ పలక ఊడదీసి ఆ గదిలో ఒక్క రాత్రి పడుకొనవలెనని ప్రార్థన. తమకు తీరిక ఉన్నను లేకున్నను చిత్తగించవలెను.

ఇట్లు,
చట్టం ప్రకారం మాత్రమే తమ విధేయురాలు,
హిల్డా రాస్ట్రిక్

మరొక మాట: పైది రాసి రెండు రోజులైంది. పోస్టు చెయ్యలేదు. ఈ ఉదయం బార్నబీ వచ్చి పడకగదికి కొత్త కిటికీ పెట్టేశాడు. కింది వాటి పని మొదలుపెట్టాడు. అనుమతి లేకుండా పెట్టడం నేరమని నాకు తెలుసు. కోర్టుకు ఈడ్చేటట్టయితే నన్నొక్కదాన్నే ఈడ్చండి, లైసెన్సు నా పేరు మీదే ఉంది. క్లైవ్ రేపు సాయంత్రం బస్సుకు వస్తాడు. అతనికి ఏమీ తెలియదు. మీరు అనుమతి ఇచ్చారని చెప్పాను. "పాపం, మంచివాడేనే ఆ ఆఫీసరు కుర్రాడు. మనమే ఊరికే తిట్టుకున్నాం," అన్నాడు.

ఈ మొత్తం వ్యవహారంలో నేను ఆడిన అబద్ధం అదొక్కటే. దానికి మాత్రం సిగ్గుపడుతున్నాను.