ఏసుపాదం మాస్టారి సభలో పద్యం

ఆదివారం, రాత్రి

పామర్రు నుంచి విజయవాడ దాకా బస్సులో నిలబడే వచ్చాను. కాళ్లు లాగేస్తున్నాయి.

ఏసుపాదం మాస్టారి సంస్మరణ సభ అయింది. చర్చిలో ప్రార్థనలకూ, మా నాటకాల్లో పద్యాలకూ ఒకే హార్మోనియం వాయించిన మనిషి. నాకు కృష్ణుడి పద్యాలు నేర్పింది ఆయనే. మాట్లాడటానికి లేవబోతుంటే ఆయన కొడుకు నా చెవి దగ్గరకు వంగి, "బాబాయ్ గారూ, నాటకాల సంగతి ఎత్తకండి. పాస్టర్ గారున్నారు, బాగోదు" అన్నాడు. వాదించే ఓపిక లేదు. చాలా మంచి మనిషి అని నాలుగు ముక్కలు చెప్పి కూర్చోబోయాను.

ముందు వరసలోంచి మాస్టారి భార్య గట్టిగా అడిగారు. "అదేంటయ్యా, ఆయన నేర్పిన పద్యం ఒక్కటైనా పాడకుండా కూర్చుంటావా?"

కొడుకు తల దించుకున్నాడు. నేను పాడాను. రాగం తీసేచోట ఊపిరి అందలేదు. పాస్టర్ గారు కళ్లు మూసుకునే ఉన్నారు. విన్నారో, ప్రార్థన చేసుకున్నారో తెలియదు. అబ్బాయి నన్ను సాగనంపడానికి గుమ్మం దాకా కూడా రాలేదు. మాస్టారి పేరు మీద ఇంకెప్పుడైనా నన్ను పిలుస్తాడో లేదో...

వచ్చేస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "పైన శ్రుతి తప్పావయ్యా. ఆయనుంటే ఊరుకునేవారా? మళ్లీ పాడించేవారు" అన్నారు.