నిచ్చెన ఎటు తిరిగింది

చిరంజీవి మా కందిరీగకి, అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టాలి కదా. నేను క్షేమం, నా కుట్టుమిషన్ క్షేమం. బెయిలు మీద వచ్చిన దగ్గర్నుంచి మీ నాన్నకి ఆకలి బాగా వేసింది, నిద్ర బాగా పట్టింది, ఒళ్లు కూడా చేశారు. అది చూస్తూ నేను సగం అన్నంలోంచి లేచిపోయేదాన్ని. నువ్వు ఆ నర్సు ట్రైనింగులో పడి వేళకి తినడం మానకు. ఇదంతా ఫోన్లో చెబితే నువ్వు మధ్యలో కుడతావు, నేను ఏడుస్తాను, అసలు మాట గాలికి పోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు చెబుతాను. మోకాలి నొప్పి కాస్త నయం. స్కూలు యూనిఫారాల పని ఇంకా మిగిలే ఉంది. మన ఇంటికి రంగులేసినాయన ఆ సాయంత్రం తాగి వచ్చాడా అని అడిగావు. తాగే వచ్చాడు. తలుపు తన్నాడా? తన్నాడు. తను వేసిన కొత్త రంగు మీద తన చెప్పు ముద్రే ఇప్పటికీ ఉంది. నోటికొచ్చినట్టు తిట్టాడు కూడా. ఇవేవీ నేను దాచను. కానీ అసలెందుకొచ్చాడో నువ్వు అడగలేదు. ఎవరూ అడగడం లేదు.

తన నిచ్చెన కోసం వచ్చాడు. పక్క గోడ మీద చెమ్మ మచ్చ మళ్లీ తేలిందని, అది సరిచేసేదాకా నిచ్చెన ఇచ్చేది లేదని మీ నాన్న పట్టుబట్టారు. “గోడ ఆరకుండా రంగేస్తే మళ్లీ ఊడిపోద్దండీ. నిచ్చెన లేకపోతే నన్ను పనికెవరు పిలుస్తారు?” అని ఆయన వచ్చిన ప్రతిసారీ బతిమాలాడు. నేనూ చెప్పి చూశాను. మీ నాన్న పంతం నీకు తెలియనిది కాదు. గోడౌన్లో సెక్యూరిటీ ఆఫీసరు చేసి చేసి, ఇంట్లో కూడా గేటు దగ్గర నిలబడ్డట్టే మాట్లాడతారు.

ఇక నువ్వు పెద్ద పెద్ద అక్షరాలతో రాసిన ప్రశ్న. నాన్న భయపడ్డారా, లేదా? భయపడ్డారమ్మా. నేనూ భయపడ్డాను. తలుపు అదిరిపోతుంటే మిషన్ ఆపి, పరుగెత్తుకొచ్చి పై గడియ కూడా వేసింది నేనే. మీ నాన్న బీరువాలోంచి తుపాకీ తెచ్చి తలుపుకి ఎదురుగా నిలబడ్డారు. తలుపు బద్దలై ఆ మనిషి లోపలికి దూకి ఉంటే, అప్పుడు ఆయన కాల్చి ఉంటే, నేను ఆయన పక్కనే నిలబడేదాన్ని. గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను.

కానీ ఈమధ్య మన ముందు గదిలో జరిగింది నువ్వు చూడలేదు. రోజూ సాయంత్రం లాయరు గారు వచ్చేవారు. ముందు నా మిషన్ ఆపమనేవారు, తర్వాత పాఠం మొదలయ్యేది. భయపడటం ఎలాగో నేర్పేవారు.

“అలా కాలు మీద కాలేసుకుని చెబితే భయం కనబడదు సార్. గొంతు తడబడాలి. మధ్యలో మంచినీళ్లు అడగండి.”

“చెయ్యి ఇలా వణికితే చాలా?” అని మీ నాన్న చెయ్యి చాపి ఆడించారు.

“కొంచెం ఎక్కువైంది సార్. తగ్గించండి.”

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆ కప్పులు వాళ్ల ముందు పెట్టడానికి నా చేతులు రాలేదు. వెనక్కి తీసుకెళ్లి సింకులో పారబోశాను.

ఆ నిచ్చెన రోజురోజుకీ పొడుగవుతూ వచ్చిందే! మొదట పోలీసులతో “నిచ్చెన నాకు తగలబోయింది” అన్నారు. వారం తిరిగేసరికి “నిచ్చెన ఎత్తాడు” అయింది. చివరికి “గురి చూసి నా గుండెల మీదికి పొడవబోయాడు” దగ్గర ఆగింది. నేను పిల్లల లాగుల్ని కూడా అంతలా వదులు చెయ్యలేను.

వీధిలో సగం మంది మీ నాన్నని హంతకుడంటున్నారు, సగం మంది మగాడంటే ఆయనే అంటున్నారు. ఆ రెండో సగం మన ఇంటికి పళ్లు పట్టుకొచ్చారు. “మంచి పని చేశారు సార్, ఇలాంటివాళ్లకి బుద్ధి రావాలి” అన్నాడొకాయన. చచ్చిపోయినవాడికి బుద్ధి ఎట్నుంచి వస్తుందో! ఇంకొకడు కలిసి ఫోటో దిగుతానన్నాడు. మీ నాన్న అద్దం ముందుకెళ్లి తల దువ్వుకొచ్చారు. ఛీ. ఆ పళ్లు ఒక్కటి కూడా నేను నోట పెట్టలేదు.

అవతలి పక్షం లాయరేం తక్కువ తినలేదు. “మీ ఆయన మిమ్మల్ని కొడతారా అమ్మా? కొడతారని ఒక్క మాటంటే కేసు గట్టిపడుతుంది” అన్నాడు. ఆయన నా మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదని చెప్పాను. మొహం మాడ్చుకున్నాడు. ఆ చనిపోయిన మనిషి గురించి ఇద్దరు లాయర్లలో ఒక్కడికీ ధ్యాస లేదు.

ఇప్పుడు నీ ఉత్తరం చివరి మాటలకొస్తాను. సాక్ష్యాలన్నీ నాన్న వైపే ఉన్నాయని రాశావు. నిజమే. గుండు వీపుకి కాదు, ఛాతీకి తగిలింది. ప్రహరీ గోడకి నిచ్చెన కొన గీసుకుపోయిన గీత ఉంది. ఎదుటి మందుల షాపాయన ఆ నిచ్చెన మీ నాన్న వైపు తిరగడం కళ్లారా చూశాడు. ఇవేవీ అబద్ధాలు కావు. “నువ్వు మాత్రం మిషన్ చప్పుడులో ఏమీ వినబడలేదని చెప్పమ్మా, చాలు. నాన్నకి శిక్ష పడితే ఇక నీ మొహం చూడను” అని రాశావు. నువ్వు కోపంలో రాశావా, ఆలోచించి రాశావా అని చాలాసేపు ఆ అక్షరాలనే చూస్తూ కూర్చున్నాను. నీ దస్తూరి ఎక్కడా చెదరలేదు. ఆలోచించే రాశావు.

కందిరీగా, ఇంతసేపూ చెప్పకుండా సాగదీశాను. నిన్న కోర్టులో నా సాక్ష్యం అయిపోయింది.

“ఆ సమయంలో మీరు మిషన్ తొక్కుతున్నారు కదమ్మా?” అని మన లాయరు గారు తియ్యగా అడిగారు.

“లేదండీ. తలుపు తన్నినప్పుడే ఆపేశాను. గడియ వేశాక కుట్టు గది కిటికీ దగ్గర నిలబడ్డాను” అన్నాను.

అక్కణ్ణుంచి ఆపలేదు, ఉన్నదున్నట్టు చెప్పేశాను. తలుపు మీద తన్నులు ఆగిపోయాయి. రంగులాయన పక్క సందులోకి వెళ్లి తన నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. గేటు వైపు నడుస్తున్నాడు, వీపు మన ఇంటి వైపు ఉంది. అప్పుడు నేను వేసిన గడియ తీసిన చప్పుడు వినబడింది. “పోతున్నాడుగా, పోనివ్వండి” అని అరిచాను. మీ నాన్న తుపాకీతో బయటికెళ్లి, “ఆగరా దొంగా!” అని కేక వేశారు. రోడ్డు రొదలో మందుల షాపాయనకి ఆ కేక వినబడలేదు, నాకు వినబడింది. పిలిచారు కాబట్టి ఆయన తిరిగాడు. ఆయనతో పాటు నిచ్చెనా తిరిగింది, గోడకి గీసుకుంటూ.

“తిరిగి ఏమైనా అన్నాడా?” అని జడ్జి గారు అడిగారు.

“నాదేనండీ అన్నాడు. అంతే.”

మీ నాన్న చేతులు అప్పుడు వణికాయి. ఎవరూ నేర్పకుండానే. నిచ్చెన తన మీదికి వస్తుంటే ఆ రెప్పపాటులో భయపడే ఉంటారు, కాదనను. అది కూడా కోర్టులో చెప్పాను. కానీ గడియ తీసింది ఆయన, పిలిచింది ఆయన. లాయరు గారు నా మీదికి లేచి, భర్త మీద కక్షతో చెబుతున్నానన్నారు. “ఈ పొద్దున మా ఆయన వేసుకొచ్చిన చొక్కా ఇస్త్రీ చేసింది నేనేనండీ” అని చెప్పి బోను దిగిపోయాను.

మీ నాన్న నాతో మాట్లాడకుండా మీ బాబాయి వాళ్లింటికి వెళ్లిపోయారు. తీర్పు ఇంకా రాలేదు. ఏమొస్తుందో నాకు తెలియదు. ఆ నిచ్చెన ఇంకా కోర్టు వరండాలో చీటీ కట్టి ఉంది. రంగులాయన భార్య దాని పక్కనే బెంచీ మీద కూర్చుని ఉంది. నేను ఆమె మొహం చూడలేకపోయాను.

నా మీద కోపం ఉంచుకో, నేనేమీ అనను. కానీ ఒక్క పని చెయ్యి. మీ హాస్టల్ డాబా మీద బట్టలారేసే గడ ఉందని రాశావు కదా, దాన్ని భుజాన పెట్టుకుని నడువు. వెనక నుంచి ఎవరినైనా దొంగా అని పిలవమను. తిరిగి చూడు. గడ ఎటు తిరిగిందో చూసుకుని, అప్పుడు నా మొహం చూస్తావో చూడవో రాయి.

ఇట్లు,
మీ అమ్మ